ప్రార్థనల చెప్పిన పేరు

1948 ఆగస్టు 29, ఆదివారం

డోరా తన బడి పిల్లల పాత కాపీ పుస్తకం ఒకటి తెచ్చిచ్చింది. సగం ఖాళీ ఉన్నది. "అత్తమ్మా, పొద్దుందాక ఏదో ఒక భయం చెప్తనే ఉంటరు, నా తల పగుల్తున్నది. ఇగ ఇండ్ల రాసుకోండి" అన్నది. కోపంగ అనలే, నవ్వుకుంటనే అన్నది. కోడలు మంచిదే. మిషను బడిల మూడో తరగతి దాక చదివిన నేను. బైబిలు చదువుత, పాటల పుస్తకం చదువుత. రాసుడే కష్టం. సరే, ఎవరు చూస్తరు.

భయం ఒకటా. కొడుకు ఏసురత్నం కాజీపేట రైల్వేల ఉన్నడు, ఆ దిక్కు రైళ్ళు ఆపుతున్నరట. మనుమడు జీవరాజు కాలేజీల హాకీ ఆడుతడు. నిన్న సెమీఫైనల్ గెలిచిన్రు. ఫైనల్ వచ్చే నెల, ఏటికవతలి కాలేజీతోని. మోకాలు చీరుకొని వచ్చిండు, అయోడిన్ పెడితే నవ్వుతడు.

వానితోని గౌసు వచ్చిండు. చిలకలగూడ పిల్లగాడు, వీళ్ళ గోల్ కీపర్. కాళ్ళకు పరుపులసొంటి ప్యాడ్లు కట్టుకుంటడు గని మూతికి ఏం ఉండదు. ఆ బంతి రాయే. పండ్లూడితే పిల్లనెవరిస్తరురా అన్న. "దాదీ, పండ్లు లేకున్నా నీ పప్పు మింగొచ్చు" అన్నడు. పప్పు రెండుసార్లు పెట్టించుకున్నడు.

ఏందిరా ఈ ఫైనల్, గంత గొప్పదా అని అడిగిన. ఆఖరు దాక ఎవరు గెలుస్తరో తెల్వకుంటే అది గొప్ప ఆట అని జీవరాజు. గౌసు అన్నడు, "నాకు పని లేని ఆట మావోళ్ళకు మంచిది. నాకు పని పడ్డ ఆట చూసెటోళ్ళకు మంచిది."

మొన్న లండన్ల మనోళ్ళు హాకీ గెలిచిన్రని రేడియోల వచ్చినప్పుడు ఇద్దరు తలుపు పెట్టుకొని ఇంట్ల దుంకిన్రు. బయట దుంకే రోజులు కావు.

సెప్టెంబరు 6

గౌసు వాళ్ళన్న రజాకార్ల చేరిండట. యూనిఫాం వేసుకొని ఇంటికొస్తే గౌసు కంచం తీసుకొని వేరే అర్రకు పోయిండట. అన్నదమ్ములకు మాటల్లేవు. వాళ్ళమ్మ గతి ఏం కాను. ఎవరన్న వింటే ఏమైతదోనని ఈ మాట డోరాకు సుత చెవుల చెప్పిన.

సెప్టెంబరు 13, సోమవారం

విమానాలు. కర్ఫ్యూ. ఫైనల్ లేదు.

సెప్టెంబరు 18

ఇండియా మిలిటరీ లారీలు మా బొల్లారం రోడ్డు మీదికెల్లే పోయినయ్. జనం దండలేసిన్రు. జీవరాజు పోత అంటే చెయ్యి పట్టుకొని గుంజి కూసోబెట్టిన. ఇగ భయం లేదని మా ఇండ్ల లైన్ల అందరంటున్నరు. అందరి భయం పోయింది, నాదే పోలే. ఇప్పుడు ఏందో వేరే తీరు భయం.

సెప్టెంబరు 27, సోమవారం

గౌసు వచ్చిండు. దర్వాజల నిలబడి లోపలికి రాడు. వాని అన్న యాడికో పారిపోయిండు. పోలీసోళ్ళు అన్న కోసం ఇంటికొస్తున్నరు, అన్న దొరక్కుంటే తమ్మున్ని తీస్కపోతరని వాళ్ళమ్మ ఇక్కడికి పంపింది. డోరా ఒక్క మాట అడగలే. వెనక సామాన్ల అర్ర ఊడ్చి చాప వేసింది.

జీవరాజు నా ముందు మోకాళ్ళ మీద కూసున్నడు. నాయినమ్మా, వీడు ఇక్కడున్నట్టు ఎవరికి చెప్పొద్దు, ఒట్టు పెట్టు అన్నడు. మనం ఒట్లు పెట్టుకోవద్దు గద బిడ్డా అన్న. మాటిచ్చిన.

సెప్టెంబరు 29

నిద్ర లేదు. కుక్క మొరిగితే పోలీసు. సైకిలు గంట మోగితే పోలీసు. వాళ్ళొస్తే జీవరాజును సుత తీస్కపోతరు, డోరా నౌకరి పోతది, ఏసురత్నానిది పోతది. గౌసు మంచోడే. మంచోడు కాదని నేననలే.

పొద్దున పాలు పోసే లచ్చమ్మ యాప్రాల్ కెల్లి వచ్చింది. పెరట్ల తీగ మీద గౌసు పైజామా చూసి ఎవరిదవ్వా అన్నది. జీవరాజుది అన్న. "జీవరాజు గింత పొడుగు ఎప్పుడయిండు" అని పండ్లు బయటపెట్టి నవ్వింది. అంతే, పాలు పోసి పోయింది.

ఆమె పోంగనే పైజామా తీసి లోపల దాచిన.

సెప్టెంబరు 30, గురువారం

చర్చి స్త్రీల సమాజానికి పోయి వచ్చిన. శానా తేలికయింది.

ఎప్పటి తీరే, సమాజం నడిపే మేబెల్ ప్రార్థన మనవులు అడిగింది. ఒకరు కడుపునొప్పి, ఒకరు బిడ్డ కాన్పు చెప్పిన్రు. నా వంతు వచ్చింది. ఆపదల ఉన్న ఒక పిల్లవాని కోసం ప్రార్థన చేయుమన్న. పేరు చెప్పలే. కండ్లెంబడి నీళ్ళు మాత్రం వచ్చినయ్, అది నా చేతుల లేదు. మేబెల్ నా భుజం పట్టుకొని "పేరు లేకుంట ప్రభువు ముందు ఎట్ల పెడతం పెద్దమ్మా? పేరు చెప్పు, పేరు పెట్టి బతిమాలుదాం" అన్నది. అది నిజమే. మా దగ్గర పేరు పెట్టే ప్రార్థన చేస్తం. గౌసు అని చెప్పిన. మా ఇంట్లనే ఉన్నడన్న. అందరు కండ్లు మూసుకొని గౌసు గౌసు అని ఏడ్సిన్రు. అంత మంది చేసిన ప్రార్థన యాడికి పోతది.

జీవరాజుకు చెప్పలే. ఇది ఒకరికి చెప్పుడు కాదు గద. దేవునికి చెప్పుడు.

అక్టోబరు 1

మంచిగ నిద్ర పట్టింది.

అక్టోబరు 2, శనివారం

తీస్కపోయిన్రు.

అక్టోబరు 3, ఆదివారం

నేరుగ సామాన్ల అర్రకే పోయిన్రు. ముందు గది చూడలే, వంటిల్లు చూడలే. గౌసు అన్నం తింటున్నడు. చెయ్యి కడుక్కోనిచ్చిన్రు.

జీవరాజు నిన్నటి సంది ఒకటే అంటున్నడు, ఎవరో చెప్పిన్రు, ఎవరో చెప్పిన్రు అని. ఎవరు చూసిన్రు, ఎవరొచ్చిన్రు అని డోరా ఒక్కొక్కరిని యాది చేసుకుంటున్నది. లచ్చమ్మ పైజామా చూసింది కద అన్న. అంతే అన్న. ఆమె చెప్పిందని అనలే. చూసిందన్న. చూసింది నిజమే గద.

అక్టోబరు 4

లచ్చమ్మను డోరా దర్వాజలనే ఆపింది. జీవరాజు నోటికి వచ్చింది అన్నడు. లచ్చమ్మ పాలబుడ్డి కింద పెట్టి, తన పిల్లల నెత్తి మీద చెయ్యి పెట్టినట్టు గాలిల చెయ్యి పెట్టి, నేను చెప్పలే నేను చెప్పలే అన్నది. ఎవరు ఇనలే. నా దిక్కు చూసింది. నాకు అప్పుడే పొయ్యి మీద ఏదో యాదికొచ్చి లోపలికి పోయిన.

లైన్ల సంగతి పాకింది. మొదటింటి కమలాబాయి ఇంట్ల సుత పాలు బంద్ చేసిన్రు. మా లైనంత బంద్.

అక్టోబరు 7, గురువారం

సమాజంల మేబెల్ నా పక్కనే కూసున్నది. బాధపడకు పెద్దమ్మా, ఆ రాత్రి మా కుటుంబ ప్రార్థనల సుత గౌసు పేరు ఎత్తినం, రోసమ్మ పెద్దమ్మ ఇంట్ల ఉన్న పిల్లవాన్ని కాపాడు ప్రభువా అని నేను గట్టిగ ప్రార్థన చేస్తే మా ఆయన సుత ఆమెన్ అన్నడు అన్నది.

అక్టోబరు 8

మేబెల్ పెనిమిటి జకర్యా ఠాణాల రాతపని చేస్తడు.

చేస్తే ఏంది. శానా మంది చేస్తరు.

అక్టోబరు 19

గౌసు వాళ్ళమ్మ వచ్చింది. ముసుగు తీసి నా రెండు చేతులు తన కండ్లకు అద్దుకున్నది. కన్నతల్లి లెక్క పెట్టుకున్నరు నా కొడుకును అన్నది. గౌసును ఠాణాల కొడుతున్నరా అని అడిగే ధైర్యం నాకు లేదు. ఆమెనే చెప్పింది, అన్న యాడున్నడో చెప్పు చెప్పు అని అడుగుతున్నరట. వానికి తెలిస్తే గద. డోరా చాయ ఇచ్చింది. పోయేటప్పుడు ఆమె, ఆ పాలామె నాలుకకు దేవుడే బుద్ధి చెప్తడు అన్నది.

నా నాలుక నోట్లనే ఉండె.

అక్టోబరు 24

చర్చిల పాటలు పాడుతుంటే మనసుల ఒక మాట లేచింది. గౌసు మా ఇంట్లకెల్లి పోతే బాగుండునని అనుకున్ననా?

లేదు.

జెర అనుకున్న. ఆ రెండు రోజులు ప్రతి గంట అనుకున్న. వానికి అన్నం పెట్టుకుంట అనుకున్న. ప్రార్థనల ఏడ్సింది వాని కోసమా, నా కోసమా. పేరు చెప్పినంక గంత మంచి నిద్ర ఎందుకు పట్టింది.

చదువుకున్నోళ్ళయితే దీన్ని ఏదో తీరుగ సమజు చేసుకుంటరేమో. నాకు రాదు.

నవంబరు 5, శుక్రవారం

ఫైనల్ ఇరవై తారీఖు అని కాలేజీల పెట్టిన్రు. గౌసు జాగల ఎవరో సన్నపిలగాడు నిలబడుతడట. నాలుగు గోల్లు పడుతయ్ మాకు అని జీవరాజు అన్నం ముందు కూసొని తినడు.

మధ్యాహ్నం ఒక పిలగాడు సైకిలు మీద వచ్చిండు. దుమ్ము కొట్టుకపోయిండు. ఏటికవతలి కాలేజీ కెప్టెన్ అట, పేరు సదాశివ. జీవరాజు వాన్ని చూసి కట్టె లెక్క నిలబడ్డడు. మీ కీపర్ నిజంగనే లోపలున్నడా అని అడిగిండు ఆ పిలగాడు. ఉన్నడు, మీకు కప్పు అల్కగ వస్తది, సంతోషపడు అన్నడు జీవరాజు.

సదాశివ కూసోమనకముందే కూసున్నడు. "పోయినేడు నేను కొట్టినయ్ అన్నీ ఆపిండు. ఏడాది సంది రోజు పొద్దున లేచి వాని మీద ఎట్ల కొట్టాల్నో అదే ప్రాక్టీసు చేసిన. ఇప్పుడు ఇంకోని మీద కొట్టి గెలిస్తే నాకేం ఒరుగుతది?" అన్నడు. వాళ్ళ నాయిన వకీలట. గౌసును విడిపించనీకి జమానతు తానే నిలబడుతనన్నడట. గౌసు అమ్మ ఇల్లు యాడ చూపెట్టు అన్నడు.

ఎవరు చెప్పిన్రట పోలీసోళ్ళకు అని పోయేటప్పుడు అడిగిండు. పాలు పోసేటామె అన్నడు జీవరాజు. నేను చాయ గిన్నె పట్టుకొని వాళ్ళ నడుమనే ఉన్న.

మొఖం తెల్వని పిలగాడు, గెలువనీకి అడ్డమొచ్చెటోన్ని తెచ్చుకోనీకి ఏరు దాటి వచ్చిండు. నేను మా లైను దాటి లచ్చమ్మ దగ్గరికి పోలే.

నవంబరు 13

గౌసును విడిచిపెట్టిన్రు. బక్కగయిండు. ఎడమచెయ్యి పైకి లేస్తలేదు. వచ్చుడు వచ్చుడే నన్ను పట్టుకొని "దాదీ, నీ ప్రార్థన" అన్నడు. నేను ప్రార్థన చేస్తనే ఉంటనని జీవరాజు చెప్పిండట.

మేబెల్ కబురు పంపింది. వచ్చే సమాజంల నేను సాక్ష్యం చెప్పాల్నట, ప్రభువు ప్రార్థన ఆలకించిండని. ఒంట్ల బాగలేదని చెప్పి పంపిన. ఒంట్ల బాగనే ఉన్నది.

నవంబరు 20, శనివారం

ఓడిపోయినం. రేపు రాస్త.

నవంబరు 21, ఆదివారం

చర్చికి పోలే. రాసినంకనే పోత.

ఆట మా బొల్లారం పటాలం గ్రౌండులనే. ఆడోళ్ళకు శామియానా కింద కుర్చీలేసిన్రు. నేను పోను, గుండె ఆగుతదంటే డోరా గుంజుకపోయింది. గంత మంది జనం, గోడల మీద, చెట్ల మీద. గౌసు ప్యాడ్లు కట్టుకొని గోల్ దిక్కు నడుస్తుంటే ఎవరో వెనకకెల్లి రజాకార్ అని అరిచిండు. ఇంకొంత మంది అందుకున్నరు. గౌసు తల ఎత్తలే. జీవరాజు కట్టెతోని నేలను కొట్టుకుంట వాని పక్కన గోల్ దాక నడిచి వెనకకొచ్చిండు.

నాకు ఆట తెల్వది. తెల్వకున్నా కండ్లు తిప్పబుద్ధి కాలే. మా జీవరాజు నడుమ నిలబడి పెండ్లిల వడ్డించినట్టు బంతి అటొకరికి ఇటొకరికి పంచుతుండు. ముందు మావోళ్ళే గోల్ కొట్టిన్రు. డోరా కుర్చీ మీదకెల్లి లేచి దుంకింది, టీచరమ్మ. తర్వాత వాళ్ళు కొట్టిన్రు. ఒకటికి ఒకటి. అప్పటికెల్లి సదాశివకు గౌసుకే ఆట. వాడు కొడుతడు, వీడు ఆపుతడు. కాలుతోని, కట్టెతోని, ఒక్కసారి ఛాతీతోని. ఎడమచెయ్యి లేవదు, ఆ దిక్కు వచ్చినదానికి మొత్తం మనిషే పడుతడు. ప్రతిసారి నేను అయ్యో అంట, పక్కనున్న ఆడోళ్ళు నవ్వుతరు. ఇందాక రజాకార్ అన్న గొంతే ఇప్పుడు షాబాష్ కీపర్ అంటున్నది. మనిషెవరో తెల్వదు గని ఆ గొంతు నేను గుర్తుపట్టిన.

ఇగ అయిపోవస్తుంది అనంగ గోల్ ముందట ఒక్కటే దుమ్ము. అందరు ఒకరి మీద ఒకరు. సదాశివ కొట్టిండు, గౌసు పడ్డడు, బంతి వాని కింద ఉన్నది. అంపైర్ మిలిటరీ ఆయన, మనుషుల వెనక చిక్కుకున్నడు, ఆయనకు కనబడలే. గోల్ కాదన్నట్టు చెయ్యి ఊపిండు. మావోళ్ళు ఊపిరి తీసుకున్నరు. సదాశివ సుత తల దించుకొని వెనకకు మళ్ళిండు.

గౌసు లేవలే. మోకాళ్ళ మీదనే ఉండి అంపైర్ను పిలిచిండు. ప్యాడ్ కింద బంతి చూపెట్టిండు. గీసిన సున్నం గీత అవతల ఉన్నదట. "సాబ్, అందర్ థీ" అన్నడట, లోపటికే పోయిందని. మాకు మాట వినబడలే, వాని చెయ్యి గోల్ దిక్కు చూపుడు కనబడ్డది. అంపైర్ వంగి చూడను సుత చూడలే. సీటీ ఊదిండు. గోల్.

ఎవరికి అర్థం కాలే. తర్వాత చప్పట్లు ఒక మూలకెల్లి షురూ అయి మొత్తం గ్రౌండు తిరిగినయ్. మిగిలిన కొద్దిసేపు మావోళ్ళు పిచ్చి పట్టినట్టు ఆడిన్రు. జీవరాజు కొట్టింది గోల్ కట్టెకు తగిలి బయటపడ్డది. అయిపోయింది. సదాశివ కప్పు తీసుకోకముందు గౌసు దగ్గరికి పోయి ఏదో అన్నడు. ఇద్దరు నవ్విన్రు.

పొద్దుగూకేటాలకు అందరం ఇంట్ల అన్నం ముందు కూసున్నం. జీవరాజు కోపం ఆగలే. నోరు మూసుకుంటే ఏం పోతుండెరా, అంపైరే కాదన్నడు గద అన్నడు. గౌసు పప్పు కలుపుకుంట చెప్పిండు.

"ఠాణాల రోజు అడిగిన్రు, నిజం చెప్పు, నిజం చెప్పు అని. అన్న యాడున్నడో నాకు తెల్వదు. రోజు గదే చెప్పిన. ఒక్కడు నమ్మలే. ఇయ్యాల ఒక్కసారి చెప్పిన్నో లేదో సీటీ ఊదిండు. గంత మంది ముందట నా మాట నమ్మిండు భై. ఓడితే ఓడినం."

జీవరాజు కంచం దగ్గరికి గుంజుకున్నడు. డోరా కండ్లు తుడుచుకున్నది.

నాకు మాత్రం పాలబుడ్డి పక్కన గాలిల చెయ్యి పెట్టి నిలబడ్డ లచ్చమ్మ కనబడ్డది. ఆమె సుత నిజమే చెప్పింది. మేం సీటీ ఊదలే.

నేననుకొని అనలే, నోట్లకెల్లి అదే వచ్చింది. "లచ్చమ్మ చెప్పలేరా. నేను చెప్పిన."

ఎవరికి అన్నడు జీవరాజు. సమాజంల, ప్రార్థన కోసం అన్న. గౌసు నా దిక్కు చూసిండు. "పేరు సుత చెప్పినవా దాదీ?" అన్నడు. చెప్పిన అన్న. వాడు తల ఊపిండు. కలుపుకున్న అన్నం మొత్తం తిన్నడు, మెతుకు విడువలే. చెయ్యి కడుక్కున్నడు. డోరాకు ఖుదా హాఫిజ్ చెప్పిండు. నాకు చెప్పలే. ఎన్నడు గట్ల పోలే వాడు.

జీవరాజు వాని ప్యాడ్లు పట్టుకొని వెంట పోయిండు. డోరా కంచాలు ఎత్తింది. నువ్వు గిట్ల చేసినవా అని ఎవరన్న తిడితే బాగుండు.

నవంబరు 23

యాప్రాల్ పోయిన. ఒక్కదాన్నే పోయిన, త్రోవల భయపడుడు సుత మర్చిపోయిన.

లచ్చమ్మ బర్రెకు గడ్డి వేస్తున్నది. మా లైను పోయినంక ఒక బర్రెను అమ్ముకున్నదట, పక్కామె చెప్పింది. కూసోమనలే. నిలబడే మొత్తం చెప్పిన, ఒక్క మాట దాచలే. ఏడుపు వచ్చింది, ఆపుకున్న. ఏడిస్తే ఆమెనే నన్ను ఓదార్చాల్సి వస్తది.

లచ్చమ్మ గడ్డి వేసుడు ఆపలే. "నాకెందుకు చెప్తున్నవవ్వా? నేను చెప్పలేదని నాకు తెల్వదా? తెల్వనోళ్ళకు చెప్పుపో" అన్నది.

రేపటికెల్లి పాలు పోస్తవా అని అడిగిన. ఎందుకు అడిగిన్నో. ఆమె ఇంకింత గడ్డి తేనీకి పోయింది.

నవంబరు 25, గురువారం

పొద్దున లైన్ల మొదటి ఇంటికెల్లి షురూ చేసిన. కమలాబాయి ముందు నవ్వింది, తర్వాత నమ్మింది, తర్వాత దర్వాజ అడ్డం నిలబడ్డది. ఒకామె పోనీ అవ్వా, అయిపోయిందేదో అయిపోయిందన్నది. అయిపోలే, లచ్చమ్మ చెప్పలే అని నువ్వు నీ నోటితోని అను అన్న. అన్నది. ముసలిదానికి మతి పోయిందని వెనకకెల్లి ఎవరో అనుడు వినబడ్డది. జీవరాజు రోడ్డు అవతల సైకిలు పట్టుకొని నిలబడి చూసిండు. రాలే. పోలే.

ఆఖరుకు మేబెల్ ఇల్లు. అక్కడికి పోవుడే కష్టమయింది, కాళ్ళు వెనకకు గుంజినయ్. జకర్యా ఠాణాకు పోయే ముందు అన్నం తింటున్నడు. మేబెల్ నా మొఖం చూసి ఏదో పెద్ద కష్టం వచ్చిందనుకున్నది. నా చేతులు పట్టుకొని కండ్లు మూసుకున్నది. ప్రార్థన చేద్దాం పెద్దమ్మా అన్నది. అలవాటుకు నేను సుత కండ్లు మూసిన.

మళ్ళ తెరిచిన.

"తర్వాత చేద్దువు మేబెల్. ముందు కండ్లు తెరిచి ఇను" అన్న.

జకర్యా చెయ్యి కంచంల ఆగింది.